పెద్దనాన్న అనుమతించిన కాటు

కర్నూలులో నేను పళ్ళ డాక్టర్ని. పన్ను పీకించుకోవడానికి వచ్చేవాళ్ళు, కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు, లవంగం నొక్కి నొక్కి ఇక తాళలేక దవడ పట్టుకుని వచ్చేవాళ్ళు నాకు రోజూ తగులుతుంటారు. ఉన్న పళ్ళన్నీ రాళ్ళలా ఉండి, ఇంకో రెండు కావాలని వచ్చిన మనిషి మాత్రం నా అనుభవంలో ఒక్కడే.

ఒక వేసవి మధ్యాహ్నం వచ్చాడతను. ద్వారబంధం తలకు తగలకుండా వంగి రావలసినంత పొడుగు, గుబురు మీసం, చొక్కా చేతి మీద ఎండిపోయిన పేడ. ఓర్వకల్లు దగ్గర పశువుల డాక్టర్నని చెప్పుకున్నాడు. కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి, నోరు తెరవమన్నాను. పళ్ళు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్క పుచ్చు లేదు. ఏమిటి బాధ అని అడిగాను.

"బాధ ఏమీ లేదు డాక్టరప్పా. కోరలు కావాల," అన్నాడు.

తర్వాత లేచి కూర్చుని వివరంగా చెప్పాడు. కర్నూలులో ఉద్యోగస్థులు కొందరు కలిసి నడుపుకునే నాటక బృందంలో అతను చాలాకాలంగా వేషాలు కడుతున్నాడు. గొంతు పెద్దది కాబట్టి ఎప్పుడూ రాక్షసుడి వేషమే వచ్చేది. ఈసారి బృందం పెద్ద, రిటైరైన తెలుగు అయ్యవారు, కొత్తగా ఒక రక్తపిశాచి నాటకం రాశారు. పిశాచి ఇతనే. బజారులో దొరికే ప్లాస్టిక్ కోరలు పెట్టుకుంటే గట్టిగా అరిచినప్పుడల్లా ఎదుటివాళ్ళ మీద పడుతున్నాయట. అందుకని సొంత పళ్ళలా అతుక్కునే కోరలు కావాలి.

ఇంకెవరైనా అయితే నవ్వి పంపేసేవారేమో. నేను మాత్రం వెంటనే ఒప్పుకున్నాను. దానికి కారణం ఉంది.

మాది కడపలో నూనె కొట్టు. కొట్టుకు ఎదురుగా పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉండేది. సెలవుల్లో పెద్దనాన్న గల్లా పెట్టె ముందు కూర్చుంటే, నేను వేరుశనగ నూనె డబ్బాల వెనక చేరి పిశాచాల నవలలు చదివేవాణ్ణి. ఆ పాత కథల్లో ఒక తమాషా ఉండేది. పాడుబడిన బంగళాలో దొర ఒంటరిగా ఉంటాడు. ఒక కుర్రవాడు ఏదో పని మీద అక్కడికి వస్తాడు. దొర తానే దీపం పట్టుకుని ఎదురొస్తాడు, తానే పెట్టె మోస్తాడు, తానే వడ్డిస్తాడు. తను తినడు. ఎదురుగా కూర్చుని కుర్రవాడు తింటుంటే చూస్తాడు. తర్వాత రచయితకు ఏదో గుర్తొచ్చినట్టు, దొర ఉన్నట్టుండి ఊళ్ళో అమ్మాయి మెడ కొరుకుతాడు. అమ్మాయిని కొరకడం నాలుగు లైన్లలో అయిపోయేది. కుర్రవాణ్ణి చూడడం మాత్రం పేజీలకు పేజీలు సాగేది.

ఆడ పిశాచుల కథలు ఇంకా ధైర్యంగా ఉండేవి. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మాయి ఇంటి అమ్మాయి చేయి పట్టుకుని వదలదు. జడ విప్పి మళ్ళీ అల్లుతుంది. నువ్వు లేకపోతే నేను లేనంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "పాపం, ఎంత స్నేహమో" అనుకుంటూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతారు. ఆ పెద్దవాళ్ళకు అర్థం కానిది నూనె డబ్బాల వెనక ఉన్న నాకు బాగా అర్థమయ్యేది. మగవాళ్ళ మీదే నాకు మనసు పోతుందని నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. పిశాచాలకు మాత్రం ముందే తెలిసినట్టుంది.

ఇప్పటి కథల్లో దాపరికం లేదు. ఇద్దరు మగ పిశాచులు వందల ఏళ్ళుగా ఒకే ఇంట్లో కాపురం ఉంటారు, శవపేటిక మూత సరిగ్గా వేయలేదని పోట్లాడుకుంటారు. అవి ఫోనులో చదివి సంతోషించాను. అయితే పాతకాలం రచయిత మింగేసిన మాటను నేను పట్టుకున్నానన్న గర్వం వాటిలో దొరకలేదు. ఇవన్నీ ఎవరితోనూ అనలేదు. ముప్పై దాటిన పళ్ళ డాక్టరు, ఇంకా పెళ్ళికానివాడు, పిశాచాల గురించి ఎవరితో మాట్లాడతాడు?

కాబట్టి పశువుల డాక్టరు నోట్లో గులాబీరంగు ముద్ద పెట్టి అచ్చు తీశాను. కడుపులో తిప్పితే ముక్కుతో గాలి పీల్చమన్నాను. ముద్ద గట్టిపడేదాకా మాట్లాడడానికి లేదు. కోడెల కొమ్ములు పట్టి వంచే మనిషి, భయంతో కళ్ళు గట్టిగా మూసుకుని, నా తెల్లకోటు అంచు చేత్తో పట్టుకున్నాడు. ముద్ద తీసేశాక కూడా కాసేపు వదల్లేదు. నేనూ వదలమని చెప్పలేదు.

కోరలు మొదట మరీ పొడుగు చేశాను. అవి పెట్టుకుని "స్వాగతం" అంటే "శ్వాదతం" అని వచ్చేది. పైగా చొంగ కారేది. అయ్యవారికి చొంగ నచ్చింది, దాహం బాగా తెలుస్తోందన్నారు. మాట మాత్రం తెలియాలి కాబట్టి కోరలను కొంచెం కొంచెంగా అరగదీయవలసి వచ్చింది. అలా ప్రతి ఆదివారం పొద్దున్నే చేతి ఆకురాయి పట్టుకుని రిహార్సళ్ళకు వెళ్ళడం నాకు అలవాటైంది. ఒక ట్యుటోరియల్ గదిలో బెంచీలు పక్కకు నెట్టి ఆడేవాళ్ళు. మూడు నాలుగు వారాల్లో నాటకమంతా నాకు కంఠతా వచ్చేసింది.

కథ ఇది. కొండరాళ్ళ మధ్య ఒక పాత బంగళా. భూమి కొలవడానికి వచ్చిన సర్వేయరు కుర్రవాడు అక్కడ దిగుతాడు. బంగళా దొర రక్తపిశాచి. కుర్రవాడికి నిశ్చయమైన అమ్మాయి అతన్ని వెతుక్కుంటూ వస్తే పిశాచి ఆమె మెడ కొరకబోతుంది. చివరికి ఆమె కిటికీ తెరవడంతో ఎండ తగిలి పిశాచి బూడిదవుతుంది. కుర్రవాడి వేషం బ్యాంకులో పనిచేసే ఒక యువకుడిది. అమ్మాయి వేషానికి కోస్తా నుంచి వృత్తి నటిని మాట్లాడుకున్నారు. ఆమె చివరి రెండు రిహార్సళ్ళకే వస్తుంది.

పిశాచి మనసు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని పశువుల డాక్టరు నా దగ్గరున్న పాత నవలలు అడిగి తీసుకున్నాడు. గొర్రెలకు టీకాలు వేయడానికి పల్లెకు పోయిన రోజు ఒకటి చదివేసి ఫోను చేశాడు. వెనక గొర్రెలు అరుస్తున్నాయి.

"డాక్టరప్పా, ఈ దొరకు ఆ పిల్లోడంటే ఇష్టం ఉండాది. ఆ పిల్ల ఊరికే అడ్డమొచ్చింది. ఇది రాసినాయనకు తెల్సునా?"

తెలిసే ఉంటుందన్నాను.

"తెల్సీ చెప్పలేదంటే భయపడినాడు, పాపం," అన్నాడు.

ఆ తర్వాత పేషెంటు నోట్లో నేను పీకింది సరైన పన్నేనా కాదా అని రెండుసార్లు చూసుకోవలసి వచ్చింది.

నాటకం ఆడవలసింది కడపలో, ఒక నాటక పోటీలో. పోటీ జరిగేది వ్యాపారస్తుల కల్యాణమంటపంలో. ఆ మంటపం కమిటీకి అధ్యక్షుడు మా పెద్దనాన్న. నాటకాలన్నీ ముందే చదివి ఒప్పుకుంటేనే స్టేజీ ఇస్తానని ఆయన నియమం పెట్టాడు. అయ్యవారు, పశువుల డాక్టరు, నేను కలిసి కడపకు పోయాము. పెద్దనాన్న నూనె కొట్టులో కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి తెచ్చుకుని, మొత్తం చదివాడు. కాటు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"చూడప్పా అయ్యవారూ," అన్నాడు. "అది పెండ్లిండ్లు జరిగే మంటపం. ఆడ ఒక మొగోడు ఆడపిల్ల మెడ మీద నోరు పెట్టేది కుదరదు."

కొరకకపోతే అది పిశాచి ఎట్లా అవుతుందని అయ్యవారు వాదించారు. దూరం నుంచి కొరికినట్టు చూపించమన్నాడు పెద్దనాన్న. దూరం నుంచి కొరికేది ఎట్లాగో చూపించమని అయ్యవారు అడిగారు. కొట్టులో కాసేపు మాటలు పెరిగాయి. నూనెకు వచ్చినవాళ్ళు డబ్బాలు పట్టుకుని నిలబడి విన్నారు. చివరికి పెద్దనాన్న వక్కపలుకు ఒకటి బుగ్గన పెట్టుకుని ఆలోచించి దారి చూపించాడు.

"ఆ వచ్చిన పిల్లోన్ని కొరకనీ. మొగోళ్ళూ మొగోళ్ళూ ఏమన్నా చేసుకోనీ, దాంట్లో తప్పేముండాది?"

పశువుల డాక్టరు తాగుతున్న కాఫీ ముక్కులోకి పోయింది. నేను గోడ మీద క్యాలెండరులోని లక్ష్మీదేవిని చూస్తూ కూర్చున్నాను. మా ఇంటి పెద్ద నోట అంత విశాలమైన మాట నేను అదే మొదటిసారి వినడం. విన్న మాటకు సాక్షులు కూడా ఉన్నారు, అందరూ నూనె ఖాతాదారులే.

కర్నూలుకు తిరిగి వచ్చాక అయ్యవారు నాటకం దిద్దారు. దిద్దారంటే పెద్దగా ఏమీ లేదు, "ఆమె" ఉన్న చోటల్లా "అతడు" అని పెట్టారు, "జడ" ఉన్న చోట "కాలరు" అని పెట్టారు. మిగతా మాటలన్నీ అమ్మాయి కోసం రాసినవే. వెయ్యేళ్ళ దప్పిక నీ మెడ వంపులో తీరుతుందని దొర ఇప్పుడు సర్వేయరుతో అంటాడు. నీ కోసం ఈ బంగళాలో దీపం ఆర్పకుండా కాచుకున్నానంటాడు. ఇది కొంచెం వేరుగా వినిపిస్తోందేమో అని నేను మెల్లగా అన్నాను. అయ్యవారు నన్ను జాలిగా చూసి, ఇది స్నేహధర్మమని, మన ప్రాచీనులు దీన్ని ఎంతో గొప్పగా చెప్పారని, పళ్ళ చదువులో ఇవి రావని అన్నారు.

అసలు చిక్కు ఇంకో చోట వచ్చింది. బ్యాంకు యువకుడికి చక్కిలిగింతలు. పశువుల డాక్టరు మీసం మెడకు తగలగానే కిలకిలా నవ్వి కుర్చీ కింద పడేవాడు. ఎన్నిసార్లు చేసినా అంతే. పిశాచి మీసం తీసేస్తే పోతుందని అయ్యవారు అన్నారు. మా నాయన బతికుండంగ మీసం తీసేది లేదని పశువుల డాక్టరు తేల్చి చెప్పాడు. అందరికీ న్యాయంగానే తోచింది. ఇక మిగిలిన దారి, బృందంలో చక్కిలిగింతలు లేని మగవాణ్ణి వెతకడం.

అయ్యవారు అందరినీ వరసలో నిలబెట్టారు. పశువుల డాక్టరు కోరలు పెట్టుకుని ఒక్కొక్కరి మెడ మీదికి వంగుతూ వచ్చాడు. కరెంటు ఆఫీసు గుమాస్తా చేతులు అడ్డం పెట్టుకున్నాడు. లైటింగు చూసే ఆయన పరిగెత్తాడు. హార్మోనియం ఆయన, అరవై దాటిన మనిషి, నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. చివర ఆకురాయి పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. నేను బృందంలో లేనని చెప్పబోయాను. చెప్పేలోగా మీసం తగిలింది, తర్వాత నేను నా చేతులతో అరగదీసిన కోరలు తగిలాయి. నాకు నవ్వు రాలేదు. ఊపిరి కూడా రాలేదు.

"ఈయప్ప భలే ఉండాడు," అన్నారు అయ్యవారు. "రాయి మాదిరి నిలబడినాడు చూడండి. మాటలు కూడా వచ్చునంట. ఇంకేం కావాల?"

అలా నేను సర్వేయరునయ్యాను. బ్యాంకు యువకుడు బతికి బయటపడ్డట్టు సంతోషించి, బంగళా నౌకరు వేషం తీసుకున్నాడు. నౌకరుకు మొదటి రంగంలో ఒక ముఖ్యమైన మాట ఉంది, ఎండ తగిలితే దొర బూడిదవుతాడని ప్రేక్షకులకు చెప్పడం. మిగతా అంతా తుడవడమే.

ఆ వారాల గురించి ఎక్కువ చెప్పలేను. ప్రతి ఆదివారం ఒక మనిషి నా మెడ కొరికేవాడు, తర్వాత అందరం కలిసి ఉగ్గాని బజ్జీ తినేవాళ్ళం. నేను మెడకు పౌడరు వేసుకోవడం మొదలుపెట్టాను. అతను కాటుకు ముందు తమలపాకు వేసుకుని రావడం మొదలుపెట్టాడు. ఇద్దరం దాని గురించి ఏమీ అనుకోలేదు. నాటకం కదా, శుభ్రత ముఖ్యం అన్నట్టే ఉండేవాళ్ళం.

కోస్తా నటి వచ్చింది. నలభై దాటిన మనిషి, ఎన్నో స్టేజీలు చూసినది. ఒక మూల కూర్చుని, కాలి మీద కాలు వేసుకుని, మేమిద్దరం కాటు రంగం చేస్తుంటే అరటిపండు తింటూ చూసింది. అయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"ఏవండీ డాక్టరుగారూ, ఇందులో హీరోయిన్ ఎవరండీ? నేనా, మీరా? ముందే చెబితే చీరలు తగ్గించి తెచ్చుకునేదాన్ని కదా."

ఇది స్నేహధర్మమని నేను చెప్పాను. ఆమె అరటితొక్క నా చేతిలో పెట్టి, "అలాగేనండీ," అని వెళ్ళిపోయింది.

పోటీలో మాకు ఇచ్చిన సమయం మధ్యాహ్నం భోజనాలైన వెంటనే. కడప వేసవి. పొద్దున నుంచీ నాటకాలు చూసి, పప్పూ పులుసూ పాయసం తిని, ప్రేక్షకులు సగం నిద్రలో ఉన్నారు. రాత్రి అనిపించాలని మంటపం కిటికీలకు నల్లగుడ్డలు కట్టించాము. స్టేజీకి పక్కన ఉన్న పెద్ద కిటికీకి రెండు వరసలు కట్టాము, ఎందుకంటే ఎండ వచ్చేది దానిలోంచే. నాకు ఒక వకీలు దగ్గర అడిగి తెచ్చిన నల్లకోటు తొడిగారు. ముందు వరసలో పెద్దనాన్న, కమిటీ పెద్దలు కూర్చున్నారు. వాళ్ళకు దొన్నెలలో మజ్జిగ పోస్తున్నారు. మూడో వరసలో మా అమ్మ.

నాటకం మొదలైంది. నౌకరు తన మాట గట్టిగా చెప్పాడు. దొర దీపం పట్టుకుని వచ్చి "స్వాగతం" అన్నాడు, మాట శుభ్రంగా వచ్చింది. నా పెట్టె అందుకున్నాడు. నాకు అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుని చూశాడు. చూపు ఎంత బాగా కుదిరిందంటే, నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

జనరేటరు వేశారు గానీ అది మైకులకే సరిపోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఉక్కకు తాళలేక జనం లేచి కిటికీల గుడ్డలు లాగేశారు. ఎవరో మహానుభావుడు స్టేజీ పక్క కిటికీ గుడ్డ కూడా లాగి, దానితోనే విసురుకోవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నపు ఎండ పలకలా వచ్చి పిశాచి ఎదురురొమ్ము మీద పడింది.

దొర అలాగే నిలబడిపోయాడు. చావు చివరి రంగంలో గదా ఉంది. ముందు వరసలోంచి పెద్దనాన్న గొంతు అందరికీ వినపడింది.

"ఎండ తగిలితే బూడిదైపోతాడని ఇప్పుడే చెప్పినారు కదప్పా?"

నాకు ఏం తోచిందో తెలియదు. వకీలు కోటు విప్పి, ఎగిరి, అతని తల మీద కప్పాను. మనిషి పొడుగు కావడంతో కోటు చాలలేదు. అతను కిందికి కూర్చున్నాడు, నేనూ కూర్చుని కోటులోకి దూరాను. జనం చప్పట్లు కొట్టారు. కోటులోంచే మిగతా మాటలు చెప్పాము. వెయ్యేళ్ళ దప్పిక సంగతి చెప్పేటప్పుడు అతని మీసం మీద చెమట చుక్కలు దగ్గరగా కనబడుతున్నాయి. కాటు దగ్గరికి వచ్చింది. అతను వంగాడు, ఆగాడు.

"పళ్ళు ఊడినాయి," అని గుసగుసలాడాడు. చెమటకు జారిపోయాయి.

"యాడ?"

"నీ కాలర్లో పడినాయి. ఇప్పుడు ఎట్ల కొరికేది?"

"ఊరికే కానీ," అన్నాను.

పళ్ళు లేకుండా చేసే కాటుకు లోకంలో వేరే పేరుంది. వ్యాపారస్తుల కమిటీ ముందు వరసలో మజ్జిగ తాగుతుండగా, వకీలు కోటు కింద, నా జీవితంలో మొదటిసారి నాకు అది జరిగింది. మెడ మీద మొదలైంది గానీ మెడ మీదే ఆగలేదు. బయట ఎవరికీ ఏమీ కనబడలేదు. దర్శకుడి నేర్పు అనుకుని చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. అయ్యవారు తెర పక్కన నిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నారని తర్వాత నౌకరు చెప్పాడు.

ఇక చివరి రంగం మిగిలింది. నటి వచ్చి కిటికీ తెరవాలి, ఎండకు పిశాచి చావాలి. కిటికీ ఎప్పుడో తెరిచే ఉంది. ఆమె చీర సవరించుకుంటూ వచ్చి, కిటికీ వంక చూసింది, మా కోటు వంక చూసింది. తన పుస్తకంలో లేని మాట ఒకటి అన్నది.

"ఎండకు మీరే గొడుగు పట్టాక, నేను కిటికీలు తెరిచి ఏం లాభం? సుఖంగా ఉండండి."

అని, నిశ్చితార్థపు ఉంగరం తీసి కోటు మీద పెట్టి, తల ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు అందరికంటే పెద్ద చప్పట్లు ఆమెకే పడ్డాయి. పిశాచి బతికిపోయింది. తెర వేసేశారు.

సాయంత్రం న్యాయనిర్ణేతలు మాట్లాడారు. భూస్వామికి, పనికి వచ్చిన ఉద్యోగికి మధ్య ఉన్న గోడను ఆ కోటు కూల్చిందని ఒకాయన అన్నాడు. జీవాత్మ పరమాత్మ ఒకే వస్త్రం కిందికి చేరడమే దీని లోతైన అర్థమని రెండో ఆయన అన్నాడు. మూడో ఆయన పర్యావరణం గురించి మాట్లాడాడు, చెట్లు నరికినందువల్లే ఎండ ఇంత ముదిరిందని. నటి నా పక్కన కూర్చుని, ప్రతి మాటకూ నా మోచేతిని తన మోచేతితో పొడుస్తూనే ఉంది. లోపలున్న అర్థాలన్నీ అందరికీ తెలిశాయి, పైకి కనబడేది ఒక్కటే ఎవరికీ తెలియలేదు.

బహుమతుల్లో ఉత్తమ జంటకు ఒక షీల్డు ఉంది. ఆ షీల్డు పెద్దనాన్న పెట్టింది కాబట్టి ఎవరికివ్వాలన్నది ఆయనే చెప్పాడు. పోటీకి వచ్చిన నాటకాలన్నిట్లో భార్యాభర్తలు కొట్లాడుకుంటూనే ఉన్నారని, ఒకరి కోసం ఒకరు ఎండకు అడ్డం పడినవాళ్ళు ఈ ఇద్దరేనని మైకులో చెప్పి, మా ఇద్దరినీ స్టేజీ మీదికి పిలిచాడు. షీల్డు మీద బాసికాలు కట్టుకున్న వధూవరుల బొమ్మ ఉంది. దుకాణంలో వేరే బొమ్మ లేదట. పెద్దనాన్న మా ఇద్దరి చేతులూ కలిపి దాన్ని పట్టించాడు. ఫోటో తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ మంటపం ఆఫీసు గదిలో ఉంది.

తర్వాతి వారం రోజులు ఇద్దరం ఒకరికొకరు ఫోను చేసుకోలేదు. ఆదివారం పొద్దున మేడ మీద నా గదిలోంచి కిందికి చూస్తే, అతను గేటు బయట ఎండలో హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పైకి రావడం లేదు. పాత నవలల్లో పిశాచులు పిలిస్తేనే గడప దాటుతాయని చదివి, నేను పిలుస్తానని అలా నిలబడ్డాడట. నేనేమో అతను వస్తాడా రాడా అని కర్టెను వెనక నిలబడ్డాను. చివరికి కింద ఉన్న ఇంటి యజమానురాలు బయటికి వచ్చి, ఎండలో ఏమిటికి నిలబడినావప్పా, లోపలికి రా అని పిలిచి మజ్జిగ ఇచ్చింది. ఆమె వరండాలో కూర్చుని అతను ఆమె కుక్కకు గజ్జి ఉందని కనిపెట్టి మందు రాశాడు. అప్పటికి నేను దిగి వెళ్ళక తప్పలేదు.

మెట్ల దగ్గర నిలబడి అడిగాడు, "ఆ పొద్దు కోటు కింద అయినది, అయ్యవారు రాసినదాంట్లో ఉండాదా?"

"లేదు," అన్నాను.

"అయితే మేలు. నేను ఆయన రాసినాడేమోనని భయపడినా."

ఇంకో రెండు మూడు ఊళ్ళలో ఆ నాటకం ఆడాము. అయ్యవారు కోటును ఉంచేశారు, అది తన ఆలోచనేనని ఇప్పుడు ఆయనకు గట్టి నమ్మకం. పశువుల డాక్టరు మా మేడ మీదే ఖాళీ అయిన పక్క వాటాలోకి దిగాడు. కొన్నాళ్ళకు ఒక వాటాలో గ్యాసు స్టవ్ పాడైంది. దాన్ని మేము బాగు చేయించలేదు. కుక్కకు గజ్జి తగ్గినప్పటి నుంచి ఇంటి యజమానురాలు మా గురించి ఎవరేమన్నా, "మా డాక్టర్లు బంగారం" అని వాళ్ళ నోరు మూయిస్తుంది.

పెద్దనాన్న మాత్రం నా పెళ్ళి సంగతి వదల్లేదు. ఒకసారి కర్నూలుకు వచ్చి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ప్రొద్దుటూరులో అక్కచెల్లెళ్ళు ఉన్నారని, ఒకరిని నేను, ఒకరిని అతను చేసుకుంటే ఇద్దరం ఎప్పటికీ ఒకే ఇంట్లో ఉండొచ్చని ఉత్సాహంగా చెప్పాడు. కులం వేరు కదా అని అతను గుర్తు చేశాడు. స్నేహానికి కులమేమిటని పెద్దనాన్న తన కులపట్టింపును అక్కడికక్కడే గాలికి వదిలేశాడు. మేము ఇప్పటికే ఒకే ఇంట్లో ఉన్నాము, అక్కచెల్లెళ్ళను ఎందుకు ఇబ్బంది పెట్టడం అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, లెక్క అయితే సరిగ్గానే ఉందని ఒప్పుకుని, భోంచేసి వెళ్ళాడు. ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. మళ్ళీ సంబంధాలు తేలేదు.

మొన్న చలికాలంలో అమ్మ ఒంటిమిట్టకు పోదామంటే ముగ్గురం జీపులో వెళ్ళాము. దర్శనమయ్యాక మంటపంలో నీడకు కూర్చున్నాము. అమ్మ తక్కువ మాట్లాడే మనిషి. నాటకం నాడు మూడో వరసలో కూర్చుని ఏం చూసిందో ఎప్పుడూ చెప్పలేదు. స్తంభాలను చూస్తూ, మా ఇద్దరిలో ఎవరినో తెలియకుండా అడిగింది.

"ఈ నాటకం ఇంకా ఎన్ని దినాలు ఆడతారు?"

అతనే జవాబు చెప్పాడు.

"నిలిపేసినామమ్మా. ఇప్పుడు ఊరికే ఉంటాండాము, అంతే."

"అయితే మంచిదిలే," అని అమ్మ గిన్నె మూత తీసింది. పులిహోర ఇద్దరికీ పెట్టింది. వేయించిన వేరుశనగపప్పు అంతా అతని వైపే పోయింది. నాకు మెతుకులు మిగిలాయి. అడిగితే, నీకు నూనె పదార్థాలు పడవు కదరా అన్నది. చిన్నప్పటి నుంచి నూనె కొట్టులో పెరిగిన నాకు నూనె ఎప్పటి నుంచి పడటం లేదో, అతను నములుతూ నవ్వుతుంటే, నేను స్తంభాలను చూస్తూ ఆలోచించాను.